పెరట్లో ఒకే ఒక్క చెర్రీ చెట్టు

సియాటిల్ దగ్గర మా స్నేహితుల పెరట్లో ఓ చెర్రీ చెట్టుంది. ఏటా ఏప్రిల్‌లో కొమ్మ కనబడకుండా తెల్లగా పూస్తుంది. ఆ తర్వాత చిన్న చిన్న పిందెలు పసుపు తిరిగి రాలిపోతాయి. ఎరువు వేశారు, నీళ్లు పెట్టారు, ఆరేళ్లు ఎదురుచూశారు. చెట్టుకి జబ్బేమీ లేదు. అది బింగ్ రకం, తేనెటీగ వెళ్లి రాగలిగిన దూరంలో దానికి జత కుదిరే చెర్రీ ఇంకొకటి లేదు.

తియ్య చెర్రీల్లో చాలా రకాలు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు. తేనెటీగ తెచ్చిన పుప్పొడి రేణువు పువ్వు కీలాగ్రం మీద మొలకెత్తి, సన్నని గొట్టంలా అండాశయం వైపు దిగుతుంది. దారిలో ఒక ఎంజైము కాపలా ఉంటుంది. వచ్చిన పుప్పొడికీ చెట్టుకీ జన్యు గుర్తు ఒకటే అయితే, ఆ ఎంజైము గొట్టంలోని ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేస్తుంది. గొట్టం అక్కడే ఆగిపోతుంది. మన మాటల్లో చెప్పాలంటే సగోత్రం, సంబంధం కుదరదు. ఈ గుర్తులకి ఎస్1, ఎస్2 అంటూ నంబర్లున్నాయి. బింగ్, లాంబర్ట్, రాయల్ ఆన్ మూడింటివీ ఎస్3, ఎస్4 గుర్తులే. పేర్లు వేరు కదా అని మూడూ పక్కపక్కనే నాటినా ఒకదానివల్ల ఇంకొకటి కాయదు.

చిన్న పెరట్లో రెండు చెట్లకి చోటెక్కడిది? దీనికి దారి చూపింది ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థ. అక్కడ పుప్పొడి మీద ఎక్స్‌రేలు ప్రయోగించి, ఎస్4 గుర్తు పనిచేయని మొక్కలు సాధించారు. అలాంటి ఒక మొక్కని లాంబర్ట్‌తో కలిపి కెనడాలోని సమ్మర్‌లాండ్ పరిశోధన కేంద్రం 1968లో స్టెల్లా రకాన్ని విడుదల చేసింది. స్టెల్లా ఒంటరిగా కాస్తుంది. స్టెల్లా, వ్యాన్ రకాల సంతానం లాపిన్స్, అదీ అంతే. సియాటిల్ లాంటి చోట పండే వేళ వాన పడితే పండు తొక్క నీళ్లు పీల్చుకుని పగులుతుంది. లాపిన్స్ దాన్ని కొంత తట్టుకుంటుంది కాబట్టి నా ఓటు దానికే.

రకం పేరు చూసి ఆగిపోకండి, అది ఏ వేరు మీద కట్టిన అంటో కూడా అడగండి. అడవి చెర్రీ వేరు మీద కడితే చెట్టు పది మీటర్లు దాటగలదు, పై పళ్లన్నీ పిట్టలకే. జర్మనీలోని గీసెన్‌లో తయారైన గిసెలా 5 వేరు మీద అదే రకం దాదాపు సగం ఎత్తులో ఆగుతుంది, త్వరగా కాపుకొస్తుంది, వల కప్పడం తేలిక. అయితే దానికి ఊతకర్ర కావాలి, మంచి నేల కావాలి, నీళ్లు తప్పకూడదు. కొమ్మలు కత్తిరించాల్సింది పొడి వేసవిలోనే. తడి కాలంలో కోస్తే ఆ గాయం నుంచి తెగుళ్లు చొరబడతాయి.

ఒక మొక్క విజయవాడ తీసుకెళ్లి నాటుకోవచ్చా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. చాలా రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా పడాలి, లేకపోతే మొగ్గ సరిగా నిద్ర లేవదు. మన బేకరీల్లో కేకు మీద పెట్టే ఎర్ర చెర్రీ కూడా చాలాసార్లు పాకంలో ఊరి రంగు పూసుకున్న వాక్కాయే.

స్నేహితుల బింగ్‌ని కొట్టేయాల్సిన పని లేదు. స్టెల్లా పుప్పొడి బింగ్‌కి సరిపోతుంది, దాదాపు ఒకే సమయంలో పూస్తుంది కూడా. అందుకే ఈ మార్చిలో పెన్సిల్ లావు స్టెల్లా పుల్ల ఒకటి తెచ్చి, ఏటవాలుగా కోసి, బింగ్ కొమ్మకి అంటు కట్టాం. రెండింటి బెరడు కింది పచ్చని పొర ఒకదానికొకటి ఆనేలా పెట్టి టేపు చుట్టాం. నిన్న చూస్తే టేపు పైన రెండు మొగ్గలు విచ్చుకుని చిన్న ఆకులు పెట్టాయి. అది పూతకి రావాలంటే ఇంకో రెండు మూడేళ్లు.