బోర్డు మీద ఏం రాసుకోవాలి? ట్రామా థెరపిస్టుల చిక్కు ఎక్కడ మొదలైంది

మా పిన్ని కూతురు పోయిన వారం ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది. "అక్కా, బోర్డు మీద నా పేరు కింద ఏం రాసుకోవాలి?"

హబ్సిగూడలో చిన్న గది అద్దెకు తీసుకుంది. ఉస్మానియాలో సైకాలజీ పీజీ చేసింది. ఆరేళ్లుగా లైంగిక దాడికి గురైన పిల్లలతో, వాళ్ల తల్లులతో పనిచేస్తోంది. ట్రామా థెరపీలో, అంటే మనసుకు తగిలిన గాయాన్ని నయం చేసే పద్ధతుల్లో, శిక్షణలన్నీ సొంత డబ్బుతోనే తీసుకుంది. 'క్లినికల్ సైకాలజిస్ట్' అని రాసుకుంటే చట్టం ఒప్పుకోదు. 'ట్రామా థెరపిస్ట్' అని రాసుకుంటే ఆపే చట్టం కనబడదు. అయితే రెండు రోజుల ఆన్‌లైన్ క్లాసు విని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లూ అదే మాట రాసుకోవచ్చు. ఆరేళ్ల పనికీ రెండు రోజుల క్లాసుకీ బోర్డు మీద తేడా తెలియదు. ఆమె బాధ అదే.

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ 2025 ఆగస్టులో విశ్వవిద్యాలయాలకు చెప్పింది. ఆ ఏడాది జులై, ఆగస్టు అడ్మిషన్ల నుంచే అమలు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ ఇగ్నోలో ఎం.ఏ. చదివి ఈ వృత్తిలోకి వచ్చిన ఆడవాళ్లు నాకు తెలిసే పదిమంది దాకా ఉన్నారు. ఆ దారి మూసుకుపోయింది. రెండో వైపు, పీజీ తర్వాత రెండేళ్లు చదివి క్లినికల్ సైకాలజిస్టు లైసెన్సు తెచ్చుకునే ఎం.ఫిల్‌కు యూజీసీ ఇచ్చిన పొడిగింపు 2025-26 వరకే. రెండు తలుపులూ దాదాపు ఒకేసారి మూతపడేసరికి టెన్షన్ మొదలైంది. ఎవరు థెరపిస్టు, ఎవరు కాదు అన్న పాత గొడవ మళ్ళీ లేచింది.

ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి కథ, మానసిక వైద్యం చుట్టూ ఉన్న సిగ్గు, డాక్టర్ల కొరత గురించి చాలామంది రాశారు. నేను మళ్ళీ రాయను. ఊరి పేరునే తిట్టుగా వాడే నగరం మనది, ఆ ఒక్క మాట చాలు. ఇప్పటి తగవు అర్థం కావాలంటే నేరుగా 1992కు వెళ్లాలి.

ఆ ఏడాది పార్లమెంటు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చట్టం చేసింది. అది వికలాంగుల పునరావాసం కోసం చేసిన చట్టం. వినికిడి లోపం, చూపు లోపం, అవయవ లోపం, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు సేవ చేసే నిపుణులు ఎవరు, వాళ్లకు ఏ చదువు ఉండాలి అన్నది దాని పని. ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక విద్య టీచర్లు ఉన్న ఆ జాబితాలోనే క్లినికల్ సైకాలజిస్టులను కూడా చేర్చారు. అప్పటికి అది సబబే. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడి ఐక్యూ కొలవాలన్నా, సర్టిఫికెట్ ఇవ్వాలన్నా సైకాలజిస్టు కావాలి. సికింద్రాబాద్ బోయినపల్లిలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థకు గానీ, ఉపకార్ సర్కిల్ దగ్గరి స్వీకార్ పునరావాస సంస్థకు గానీ పిల్లల్ని తీసుకెళ్లిన తల్లిదండ్రులకు ఆ కాగితం విలువ బాగా తెలుసు.

నా లెక్కలో మలుపు ఇక్కడే. మనసు గాయాన్ని నయం చేసే మనిషికి ఈ దేశంలో దొరికిన మొదటి లైసెన్సు వైకల్య చట్టం కింద దొరికింది. లైసెన్సు ఉన్నవాళ్లకు సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో నంబరు వచ్చింది. రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో రాశారు. కానీ అత్యాచారం నుంచి బయటపడ్డ అమ్మాయిది వైకల్యం కాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రమాదంలో భర్తను పోగొట్టుకుని, ఆ తర్వాత కారు ఎక్కలేకపోతున్న మనిషిదీ వైకల్యం కాదు. వాళ్ల పక్కన కూర్చునే కౌన్సెలర్ల గురించి ఆ చట్టం ఒక్క మాటా చెప్పలేదు. అది చెప్పాల్సిన చట్టమూ కాదు. వేరే చట్టం రావాల్సింది. దాదాపు ముప్పై ఏళ్లు రాలేదు.

లైసెన్సు ఉన్నవాళ్ల వాదన కూడా చెప్పాలి. బెంగళూరులో ఇప్పటి నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థకు ముందున్న సంస్థలో 1955లో మొదలైన పద్ధతి వాళ్లది. పీజీ తర్వాత రెండేళ్లు ఆస్పత్రిలోనే ఉండి, సీనియర్ కళ్ల ముందు కేసులు చూసి, ప్రతి కేసూ రాసి చూపించాలి. ఆ రెండేళ్లు లేకుండా తీవ్రమైన గాయాన్ని ముట్టుకోవద్దని వాళ్లంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టును నిర్వచించేటప్పుడు ఆ రెండేళ్ల పర్యవేక్షిత శిక్షణనే కొలమానంగా పెట్టుకుంది. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ ఆ సీట్లు ఎన్ని? ఆమోదం ఉన్న కేంద్రం కావాలి, అందులో ఆస్పత్రి వసతి, తగినంతమంది గైడ్లు ఉండాలి. అందుకే ఏ ఊళ్లో అయినా ఆ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. సైకాలజీ పీజీ చేసి బయటికొచ్చేవాళ్లు మాత్రం ఏటా తరగతుల నిండా ఉంటారు. వాళ్లందరూ ఎక్కడికి పోయారు? స్కూళ్లకు, ఎన్జీవోలకు, కార్పొరేట్ ఆస్పత్రులకు, గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగుల కౌన్సెలింగ్ డెస్కులకు పోయారు. 2016లో హైదరాబాద్ పోలీసులు భరోసా కేంద్రం తెరిచారు. పోలీసు స్టేషన్‌కు, ఆస్పత్రికి, కోర్టుకు తిప్పకుండా ఒకే కప్పు కింద బాధితురాలికి కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సాయం అందించాలన్నది దాని ఉద్దేశం. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012లోనే వచ్చినా, పిల్లాడి వాంగ్మూలం వెనక ఒక కౌన్సెలర్ ఉండాలన్నది ఈ నగరంలో మామూలు పద్ధతిగా మారడానికి ఇలాంటి కేంద్రాలే కారణం. ఈ పనికి మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ముందుకొచ్చింది ఎక్కువగా సైకాలజీ, సోషల్ వర్క్ పీజీలు చేసినవాళ్లే. లైసెన్సు చట్టం గుర్తించని చేతులే అతి బరువైన పని ఎత్తుకున్నాయి.

వాళ్లకు దొరకనిది డిగ్రీ కాదు, సూపర్విజన్, అంటే సీనియర్ పర్యవేక్షణ. ఎం.ఫిల్‌లో అది చదువులో భాగంగా వస్తుంది. బయట అయితే గంటకింత అని చెల్లించి సీనియర్ దగ్గర కొనుక్కోవాలి. మా చెల్లెలు మొదట చేరిన సంస్థ పేరు నేను చెప్పను. అక్కడ రోజుకు ఆరేడు కేసులు, అన్నీ పిల్లలవే. విన్నది ఎవరితోనైనా పంచుకుని దించుకునే గంట ఒక్కటీ లేదు. ఎనిమిది నెలలకు ఆమెకు నిద్ర కరువైంది. మెట్రోలో మగవాళ్ల పక్కన నిలబడలేకపోయింది. ఎదుటివాళ్ల గాయాన్ని రోజూ వినడం వల్ల వినేవాళ్లకే తగిలే దెబ్బ ఇది. ట్రామా పనిలో దీన్ని వృత్తి ప్రమాదంగా లెక్కిస్తారు. ఆమె దాన్ని తన బలహీనత అనుకుంది. "నాకే ధైర్యం లేదేమో అక్కా" అంటుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

ట్రామా థెరపీ అనే ప్రత్యేక శాఖ ఎందుకు వచ్చిందో ఇక్కడ కొంచెం చెప్పాలి. ఘోరం జరిగిపోయాక కూడా దాని భయం మనసును వదలని జబ్బుకు పీటీఎస్‌డీ అనే పేరు అమెరికా సైకియాట్రీ సంఘం రోగాల పట్టికలో చేరింది 1980లో. కళ్ల కదలికలతో పాత జ్ఞాపకాన్ని మెత్తబరిచే ఈఎండీఆర్ పద్ధతి మీద ఫ్రాన్సిన్ షపీరో మొదటి పరిశోధన ప్రచురించింది 1989లో. మన దేశంలో చాలామంది ఆ పేరు విన్నది 2001 గుజరాత్ భూకంపం తర్వాత. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీకి రెండు రకాల థెరపీలను సిఫారసు చేసింది. ఒకటి ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే థెరపీ), రెండోది ఈఎండీఆర్. ఘోరం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతి వద్దంది. ఈ చివరి మాట చాలా ముఖ్యం. మంచి మనసుతో చేసినా, తొందరపడి తవ్వితే గాయం ముదురుతుంది. ముందు మనిషికి కాళ్ల కింద నేల దొరకాలి: నిద్ర, తిండి, ఇంట్లో భద్రత, శ్వాస. ఆ తర్వాతే జ్ఞాపకం దగ్గరికి వెళ్లాలి. ఎప్పుడు ఆగాలో తెలియడం ఈ పనిలో సగం. అది రెండు రోజుల క్లాసులో రాదు.

పైగా ఈ పద్ధతులన్నీ ఇంగ్లిష్‌లో వచ్చాయి. ఇక్కడి తల్లి "మా పిల్ల దడుసుకుంది" అంటుంది. అప్పటికే దిష్టి తీసి ఉంటుంది, దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించి ఉంటుంది. "గుండెలో బరువు", "ఒళ్లంతా మంట" అని చెప్తుంది తప్ప తనకు లక్షణాలున్నాయని చెప్పదు. పాతబస్తీలో అదే మాట దక్కనీలో వినాలి. తాయెత్తును చిన్నచూపు చూసిన థెరపిస్టు దగ్గరికి ఆ తల్లి రెండోసారి రాదు. ఈ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు. ఏళ్ల తరబడి ఇక్కడి మనుషుల మధ్య కూర్చున్నవాళ్ల దగ్గరే ఉంది. రిజిస్టర్‌లో నంబరు లేనివాళ్లు ఇందులో ముందున్నారని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు.

2021లో రెండో చట్టం వచ్చింది. అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం అది. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు ఈ ఆరోగ్య చట్టం జాబితాలోకి వచ్చారు. అయితే 'సైకాలజిస్ట్' అన్న మాట పక్కనే, రిహాబిలిటేషన్ కౌన్సిల్ కిందికొచ్చే క్లినికల్ సైకాలజిస్టులు తప్ప అని మినహాయింపు పెట్టారు. 1992 నాటి గోడను కూల్చలేదు, దాని పక్కన ఇంకో గది కట్టారు. ఆ గదిలోకి అడుగుపెట్టడమూ ఆలస్యమైంది. చట్టాన్ని అమలు చేయమని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. అప్లైడ్ సైకాలజీకి కొత్త పాఠ్యప్రణాళిక 2025లో గానీ బయటికి రాలేదు. సైకాలజీ ఈ చట్టం కిందికొచ్చింది గనుక దూరవిద్యలో చెప్పకూడదన్నదే యూజీసీ 2025 ఆగస్టు ఉత్తర్వుకు ఆధారం.

ఇంకో పక్క, నూతన విద్యా విధానం ఎం.ఫిల్ వద్దంది. 2022 నిబంధనలతో యూజీసీ దాన్ని ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 వరకు గడువిచ్చింది. రిహాబిలిటేషన్ కౌన్సిల్ బదులుగా క్లినికల్ సైకాలజీలో కొత్త బీఎస్సీ, ఎం.ఏ., సై.డీ. (డాక్టరేట్) కోర్సులు తెచ్చింది. ఇంటర్ అయిన పిల్లలకు ఇప్పుడు కొత్త దారి ఉంది. ముప్పై రెండేళ్ల వయసులో, ఆరేళ్ల అనుభవంతో నిలబడ్డ మా చెల్లెలు మళ్ళీ మొదటి ఏడాదిలో ఎలా చేరుతుంది?

ఈ గొడవలో ఇప్పుడు రెండు వైపులా రెండు డిమాండ్లు ఉన్నాయి. రిజిస్టర్‌లో లేనివాళ్లను థెరపీ చేయకుండా ఆపాలని ఒకరు. డిగ్రీ బదులు పర్యవేక్షణలో చేసిన గంటలు లెక్కగట్టి, పనిచేస్తున్నవాళ్లకు పరీక్ష పెట్టి రిజిస్టర్‌లోకి తీసుకోవాలని ఇంకొకరు. మొదటిది అమలైతే ఎన్జీవోల్లో, బాధితుల కేంద్రాల్లో కుర్చీలు ఖాళీ అవుతాయి. రెండోదానికి గంటలు లెక్కపెట్టిన కాగితాలు కావాలి. మా చెల్లెలి దగ్గర అవి ఉన్నాయి. సూపర్వైజర్ సంతకంతో, తేదీలతో, మూడు నోటు పుస్తకాలు. అవి తీసుకునే కౌంటర్ ఎక్కడుందో అడగడానికి ఈ నెలలో రెండుసార్లు కోఠి వెళ్లొచ్చింది.

బోర్డు ఇంకా పెయింటర్ దగ్గరే ఉంది. పేరు రాయించింది. ఫోన్ నంబరు రాయించింది. మధ్యలో ఒక లైను వదిలేయమని చెప్పింది.