వేలు ఎక్కడికీ పోదు

చిరంజీవులకు,

నిన్న ఫోన్లో చిన్ని అడిగినదానికి నేను నీళ్లు నమిలాను. వాళ్లమ్మ ఏదో వెబ్‌సైట్ తెరవబోతే అది పాస్‌వర్డ్ అడగలేదట. "పాస్‌కీ" అని ఏదో చూపించి, వేలు ఆనించమందట. ఆనించగానే తెరుచుకుందట. "తాతయ్యా, అమ్మ వేలిముద్ర వాళ్ల దగ్గరికి వెళ్లిపోయిందా? వాళ్లు దాన్ని పోగొడితే ఎలా? పాస్‌వర్డైతే మార్చుకోవచ్చు, కొత్త వేలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది?" అంది చిన్ని. ఇన్నాళ్లుగా ఫోను మీద వేలు పెడుతున్నాను కానీ నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. అందుకే కూర్చుని చదివి రాస్తున్నాను. బాబీకి కూడా వినిపించండి.

ముందు భయం తీరుస్తాను. వేలు ఎక్కడికీ పోదు. వేలిముద్ర ఫోను గడప దాటదు. మరి అవతలికి వెళ్లేదేమిటి? అది చెప్పాలంటే మా అటక కథ చెప్పాలి.

మీ వయసులో నేనూ ఇంకో నలుగురమూ కలిసి అటక మీద రహస్య సంఘం పెట్టాం. దానికి పనేమీ లేదు, రహస్యంగా ఉండటమే పని. నిచ్చెన ఎక్కాలంటే కిందనుంచి గుర్తుమాట చెప్పాలి. మొదటి మాట 'ఉడుత'. మూడో రోజుకే మా తమ్ముడు కింద నిలబడి "ఉడుత!" అని అరిచాడు. తలుపు వెనక నక్కి విన్నాడన్నమాట. 'ఊసరవెల్లి' అని మార్చాం. అదీ విన్నాడు. మాట గట్టిగా చెబితేగానీ పైవాళ్లకు వినపడదు, గట్టిగా చెబితే తమ్ముడికీ వినపడుతుంది. ఏం చేస్తాం?

పాస్‌వర్డ్‌కున్న జబ్బు అచ్చంగా ఇదే. నేను నేనేనని నమ్మించాలంటే, దాచుకోవాల్సిన మాటనే బయటికి చెప్పాలి. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటర్‌ను చాలామంది పంచుకునే ఏర్పాటు చేసి, ఎవరి ఫైళ్లు వాళ్లకే ఉండేలా పాస్‌వర్డ్‌లు పెట్టింది. 1962లో అక్కడి విద్యార్థి అలన్ షెర్, తన వంతుకొచ్చిన గంటలు చాలక, అందరి పాస్‌వర్డ్‌లూ ఉన్న ఫైలును ప్రింటు తీయించుకున్నాడు. మా తమ్ముడి బాపతే!

సరే, అటక మీదికి వద్దాం. మాటలతో లాభం లేదని, రబ్బరు ముక్క మీద ఎవరి గుర్తు వాళ్లం బ్లేడుతో చెక్కుకున్నాం. నా గుర్తు 'క'. తిరగేసి చెక్కాలని తెలియక రెండు రబ్బర్లు పాడుచేశాను, వేలు కూడా తెగింది. (బ్లేడు జోలికి మీరు పోకండి.) అందరి గుర్తులూ ఒక్కో ముద్ర వేసి అటక మీద పుస్తకంలో పెట్టాం. ఇక ఎవరైనా కిందికొచ్చి పిలిస్తే, పైవాళ్లు చీటీ మీద అప్పటికి తోచిన అంకె ఏదో రాసి దారంతో దింపేవాళ్లు. కిందివాడు దానిమీద తన ముద్ర గుద్ది పంపాలి. పైన పుస్తకంతో పోల్చి చూసి నిచ్చెన దింపేవాళ్లం. పాత చీటీ ఒకటి తమ్ముడికి దొరికింది కానీ పనికి రాలేదు. అందులో నిన్నటి అంకె ఉంది, ఇవాళ్టిది వేరు.

ఇదే పాస్‌కీ. మీరు ఒక సైట్లో పాస్‌కీ పెట్టుకుంటే ఫోను ఆ ఒక్క సైటు కోసమే కొత్త స్టాంపు చెక్కి తనలో దాచుకుంటుంది. సైటుకు దాని ముద్ర నమూనా మాత్రం ఇస్తుంది. మీరు వెళ్లినప్పుడల్లా సైటు కొత్త చీటీ పంపుతుంది, ఫోను దానిమీద ముద్ర కొట్టి పంపుతుంది. మరి వేలెందుకంటే, స్టాంపులున్న పెట్టె మూత తీయడానికి. అంతవరకే దాని పని.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. దొంగలు అసలు సైటు లాంటిదే ఇంకోటి కడతారు. అవే రంగులు, అవే బొమ్మలు, చిరునామాలో మాత్రం ఒక్క అక్షరం తేడా. మన కళ్లు మోసపోతాయి, నావైతే కళ్లజోడుతో సహా మోసపోతాయి. ఫోను బొమ్మలు చూడదు, చిరునామా చూస్తుంది. ఆ చిరునామాకు తన పెట్టెలో స్టాంపు లేదు కాబట్టి ముద్ర కొట్టదు. సైటు నడిపేవాళ్లకూ ఇందులో సుఖముంది. వాళ్ల పుస్తకాన్ని ఎవరైనా ఎత్తుకుపోయినా అందులో ఉండేవి ముద్రలే కదా, స్టాంపులు కావు.

"ముద్ర చూసి అలాంటి స్టాంపు చెక్కలేరా?" అని బాబీ అంటాడు, నాకు తెలుసు. మా తమ్ముడు చెక్కేశాడు! నా 'క'ను నాకంటే బాగా చెక్కి, దర్జాగా నిచ్చెనెక్కి కూర్చున్నాడు. ఆ సాయంత్రమే సంఘం రద్దయింది.

ఇక్కడ నా రబ్బరు పోలిక చెల్లదు. ఫోను చెక్కేది రబ్బరుతో కాదు, అంకెలతో. 71ని 83తో గుణించండి. 5893. నిమిషం పట్టదు. కానీ నేను ముందు 5893 ఇచ్చి, ఏ రెండిటిని గుణిస్తే వచ్చిందో చెప్పమంటే? తల గోక్కుంటారు. ఫోను దాచుకునే స్టాంపు ఆ రెండు సంఖ్యల్లాంటిది, సైటుకిచ్చే నమూనా 5893 లాంటిది. పోవడం తేలిక, వెనక్కి రావడం కష్టం, అలాంటి దారులు లెక్కల్లో ఉన్నాయి. తాళం వేసేదొకటి, తీసేదొకటిగా ఉండొచ్చని అమెరికా పరిశోధకులు డిఫీ, హెల్‌మన్ 1976లో లోకానికి చెప్పారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు ఈ గుణకారంతోనే దాన్ని చేసి చూపించి, 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి విడగొట్టమని పందెం కట్టారు. 17 ఏళ్లు పట్టింది. 1994లో సుమారు 600 మంది తమ కంప్యూటర్లన్నీ కలిపి పనిచేయిస్తే విడిపోయింది. ఇప్పుడు వాడేవి అంతకంటే ఎంతో గట్టివి. పాస్‌కీల్లో ఎక్కువగా ఉండేది వక్రరేఖల లెక్క. అది నాకే సగం అర్థమైంది, మిగతా సగం మీరు పెద్దయ్యాక నాకు చెప్పాలి.

లెక్క అంత పాతదైనా వెబ్‌సైట్లన్నిటికీ పనికొచ్చే ఒప్పందం 2019లో గానీ కుదరలేదు. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ కలిసి సరేనన్నది 2022లో. ఫోను పోతే ఎలాగంటారా? స్టాంపుల పెట్టె ఎక్కువగా మన గూగుల్ లేదా ఆపిల్ ఖాతాలో తాళం వేసి భద్రంగా ఉంటుంది, కొత్త ఫోనులోకి దిగుతుంది. అలాగని నిశ్చింతగా ఉండకండి. చాలా సైట్లు పాస్‌కీ పెట్టాక కూడా పాత పాస్‌వర్డ్‌ను తీసేయవు. ముందు గుమ్మానికి కొత్త తాళం వేసి దొడ్డితలుపు ఓరగా వదిలినట్టు. పైగా ఫోను పిన్ తెలిసినవాడు ఆ పెట్టె మూతా తీయగలడు. చిన్నీ, అమ్మ పిన్ నీకు తెలుసని గొప్పగా చెప్పావు నిన్న. ఆ గొప్ప స్నేహితుల ముందు చెప్పకు తల్లీ.

ఆదివారం అమ్మను బతిమాలి ఫోను సెట్టింగుల్లో పాస్‌వర్డ్‌లు, పాస్‌కీలు ఉండే చోటు తెరిపించండి. ఎన్ని సైట్లకు స్టాంపులున్నాయో లెక్కపెట్టండి. స్టాంపు మాత్రం కనబడదు, సైటు పేరే కనబడుతుంది.

ఇంకో పని. 8633. ఏ రెండిటిని గుణించానో కాలిక్యులేటర్ ముట్టుకోకుండా కనుక్కోండి. రెండూ వందలోపువే. ఇప్పుడు గడియారం చూసుకున్నాను, ఉదయం ఏడున్నర.

మీ తాతయ్య