ఒక మిషను, మూడు అచ్చులు

రేపు ఎన్ని ఆర్డర్లు వస్తాయో తెలియనప్పుడు ఒకే మిషను మీద ఏ సరుకు ముందు తీయాలని చిన్న ప్లాస్టిక్ కార్ఖానా నడిపే పాఠకుడొకరు అడిగారు. ఏది ముందు అన్నదానికంటే నన్ను ఎక్కువగా ఊరించేది అచ్చు మార్పిడి.

బకెట్టు, మగ్గు, టబ్బు మూడూ ఒక మిషను మీదే తీయాలనుకోండి. ఉన్న అచ్చు విప్పి, మరొకటి బిగించి, వేడి సర్ది, మొదట వచ్చే వంకర ముక్కలు పారేసి, మంచి సరుకు మొదలయ్యేసరికి 2 గంటలు. మూడింటికీ కలిపి 6 గంటలు. గిరాకీ తీర్చడానికే మిషను సమయంలో 80 శాతం పోతే, మిగిలిన 20 శాతంలో ఈ 6 గంటలు ఇమడాలి. అంటే మూడు సరుకులూ ఒక చుట్టు తిరగడానికి కనీసం 30 గంటలు. గిరాకీ 90 శాతమైతే 60 గంటలు. 95 అయితే 120 గంటలు, రాత్రింబవళ్లు నడిపినా ఐదు రోజులు! పని ఐదో వంతు కూడా పెరగలేదు, చుట్టు నాలుగింతలైంది.

బకెట్టు వంతు మళ్లీ వచ్చేదాకా ఆర్డర్లను గోదాములోని నిల్వే మోయాలి. రోజువారీ హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వ్యవధి నాలుగింతలైనప్పుడు వాటి ఊగిసలాట వర్గమూలం చొప్పున రెండింతలవుతుంది. ముందుజాగ్రత్త నిల్వ కూడా అంతే పెరగాలి. ఒక్కో విడతకు ఎంత సరుకు తీయాలో లెక్కగట్టడానికి 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఇచ్చిన సూత్రంలో ఇవేవీ లేవు. అందులో గిరాకీ నిలకడగా ఉంటుంది, మిషను కోసం మరో సరుకు కాచుకుని ఉండదు. పాఠాలు మాత్రం చాలాచోట్ల అక్కడే ఆగిపోతాయి.

ఇక ఏది ముందంటే, ఉన్న నిల్వ ఎన్ని రోజులకు వస్తుందో లెక్కేసి, తక్కువ రోజులు వచ్చేదాన్ని ఎక్కించడం వాడుక పద్ధతి. అన్నిటికన్నా మేలైన పద్ధతి కావాలంటే ప్రతి స్థితినీ తూకం వేయాలి. ఒక్కో సరుకుకు 100 నిల్వ స్థాయిలనుకుంటే మూడింటికి 10 లక్షల కలయికలు. పది సరుకులకు 1 పక్కన 20 సున్నాలు. అన్ని నిల్వలూ నిండినప్పుడు మిషను ఆపడమే సరైన నిర్ణయం కావచ్చు. మిషను ఆగితే అరిష్టమనే యజమానులకు ఇది మింగుడుపడదు, దసరా పూజకు మాత్రం వాళ్లే ఆపుతారు.

1970 ప్రాంతంలో టయోటాలో 1000 టన్నుల బలంతో నొక్కే ప్రెస్సుకు అచ్చు మార్చడానికి 4 గంటలు పట్టేది. జపాన్ ఇంజనీరు షిగెయో షింగో దాన్ని ముందు గంటన్నరకు, తర్వాత 3 నిమిషాలకు దించారు. మిషను నడుస్తుండగానే చేయగల పనులన్నీ ముందే ముగించడం ఆయన పద్ధతి. మన కార్ఖానాలో 2 గంటలు 12 నిమిషాలకు దిగితే, 95 శాతం గిరాకీ దగ్గర కూడా చుట్టుకు 12 గంటలు చాలు.