పోయిన బిడ్డకు పరీక్ష దేనికి?

నేను ఫీటల్ ఆటాప్సీలు, అంటే పుట్టకముందే పోయిన బిడ్డలకు కారణం తెలుసుకునే శవపరీక్షలు, చేసే పాథాలజిస్టును. కడుపులోనే పోయిన బిడ్డలు, పెద్ద లోపం ఉందని తెలిసి తీయించుకోవాల్సి వచ్చిన గర్భాలు నా దగ్గరికి వస్తాయి. ఆ ఇళ్లవాళ్ల నోట పదే పదే వినే మాటలివి.

అపోహ: గ్రహణం రోజు కూరగాయలు తరిగింది, అందుకే మొర్రి.

వాస్తవం: గ్రహణం మొర్రి అన్న పేరులోనే తల్లి మీద నింద ఉంది. పై పెదవి, అంగిలి అతుక్కోవడం తొలి మూడు నెలల్లోనే పూర్తవుతుంది. అది అతుక్కోకపోవడానికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. ఈ మాట అత్తగారిని కూర్చోబెట్టి నేనే చెప్తాను. ఆ స్థితిలో కోడలు చెప్పుకోలేదు.

అపోహ: స్కాన్‌లో తెలిసిపోయిందిగా, మళ్లీ కోయడం ఎందుకు?

వాస్తవం: తల వెనక ఎముకలో ఖాళీ ఉంది, మెదడు సంచిలా బయటికి వచ్చింది అని స్కాన్ రిపోర్టు ఉంటుంది. ఉమ్మనీరు బాగా తగ్గిపోతే మిగతా శరీరం స్కాన్‌లో సరిగా కనపడదు. బల్ల మీద చూస్తే చేతులకూ కాళ్లకూ ఆరేసి వేళ్లు, రెండు కిడ్నీల నిండా నీటితిత్తులు. ఉమ్మనీరు తగ్గింది ఆ కిడ్నీల వల్లే. తల వెనక లోపం, ఆరో వేలు, కిడ్నీల్లో తిత్తులు, ఈ మూడూ కలిస్తే మెకెల్-గ్రూబర్ సిండ్రోమ్, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యు జబ్బు. తల వెనక లోపం ఒక్కటే ఉంటే, అంటే విడిగా వచ్చిన న్యూరల్ ట్యూబ్ (బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం) లోపమైతే మళ్లీ వచ్చే అవకాశం నూటికి 2 నుంచి 5. గర్భం రాకముందు నుంచే డాక్టర్ సలహాతో పెద్ద డోసు ఫోలిక్ యాసిడ్ వాడితే ఇంకా తగ్గుతుంది. 1991లో వెలువడిన పరిశోధనలో ఆ తగ్గుదల 72 శాతం. మెకెల్-గ్రూబర్‌లో మాత్రం ప్రతి గర్భంలోనూ అవకాశం నాలుగింట ఒక వంతు, దాన్ని ఫోలిక్ యాసిడ్ ఆపలేదు. తల్లిదండ్రులకు జన్యు పరీక్ష చేసి, వచ్చే గర్భంలో 11-14 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడాలి. ఆ ఆరో వేలు ఎవరూ చూడకపోతే దంపతులకు తప్పు లెక్క చెప్పి పంపినట్టే.

అపోహ: మాది మేనరికం కాదు, కాబట్టి జన్యు లోపం కాదు.

వాస్తవం: మేనరికంలో ఇలాంటివి ఎక్కువ, నిజమే. బయటి సంబంధాల్లోనూ వస్తాయి.

అపోహ: బిడ్డను ముక్కలు చేసేస్తారు.

వాస్తవం: ముందు ఫొటోలు, ఎక్స్‌రే తీస్తాం. కోత తర్వాత కుట్లు వేసి, గుడ్డలో చుట్టి, ఖననానికి ఇస్తాం. కోతకు మనసొప్పకపోతే వద్దనండి. పైపై పరీక్ష, ఎక్స్‌రే, చిన్న చర్మం ముక్కతోనూ కొంత తెలుస్తుంది.

కాన్పు చేసే డాక్టర్లకూ, సిస్టర్లకూ ఒక విన్నపం. మాయను పారేయకండి, బిడ్డతో పాటే పంపండి. అంతా ఫార్మలిన్‌లో వేసేస్తే డీఎన్ఏ పాడవుతుంది. జన్యు పరీక్షకు చిన్న ముక్క ముందే శుభ్రమైన సెలైన్‌లో తీసిపెట్టండి.