ఒకే మ్యాట్, నాలుగు భాషలు: కబడ్డీ కోచింగ్‌లో అపోహలు – వాస్తవాలు

మాది అనంతపురం. ఒక ప్రొఫెషనల్ కబడ్డీ జట్టుకు రెండు సీజన్లు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. హర్యానా, తమిళనాడు, ఇరాన్ ఆటగాళ్లు, మన తెలుగు పిల్లలు, అందరూ ఒకే మ్యాట్ మీద. ఊళ్లో తోటి కోచ్‌లు నాతో తరచూ అనే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: అందరికీ కాస్త హిందీ వస్తే చాలు.

ఒక మ్యాచ్‌లో రైట్ ఇన్‌లో, అంటే కుడి చివరివాడి పక్కన ఉన్న మా తెలుగబ్బాయి కంగారులో "ఆగు!" అని అరిచాడు. అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డ హర్యానా కార్నర్‌కు, అంటే ఆ చివరివాడికి అది "ఆగే" అని వినపడింది. హిందీలో ముందుకు అని కదా! ఒక్క దూకు దూకాడు. చైన్ (చేతులు పట్టుకున్న జోడీ) తెగింది, కూతకొచ్చిన రైడర్ ముగ్గుర్ని తాకి నడిగీత దాటేశాడు. పిలుపులు ముందే ఖాయం చెయ్యకపోవడం కోచ్‌లుగా మా తప్పు. మర్నాడే మార్చాం: చెయ్యి ఒకసారి నొక్కితే ఆగాలి, రెండుసార్లు నొక్కితే పట్టాలి. రైడ్‌కు ఉండేదే 30 సెకన్లు, పైగా జనం హోరు. చేతికి తెలిసినంత త్వరగా చెవికి తెలియదు.

అపోహ: తలూపాడంటే అర్థమైనట్టే.

మన సీమ పిల్లలు పెద్దల ముందు "సరే సార్" తప్ప మాట్లాడరు. అది గౌరవం. మా ఇరాన్ ఆటగాడొకడు అందరి ముందే "ఎందుకలా?" అని అడిగేవాడు. పొగరనుకున్నాను. పని నేర్చుకోడానికే అడుగుతున్నాడని తెలిసేసరికి సగం సీజన్ అయిపోయింది. ఆ బాధ నాకింకా ఉంది. ఇప్పుడు ఎవరినీ "అర్థమైందా?" అని అడగను. "ఏదీ, చేసి చూపించు" అంటాను.

అపోహ: ఇరాన్‌వాళ్లకు బలం పుట్టుకతో వస్తుంది.

వాళ్ల దేశంలో కుస్తీ అంటే ప్రాణం. ఆ పట్టు సాధనతో వచ్చింది.

అపోహ: అందరినీ ఒకేలా చూడటమే న్యాయం.

ఎంపికలో, ఫిట్‌నెస్ పరీక్షలో కొలత ఒకటే ఉండాలి. రంజాన్ ఉపవాసంలో ఉన్నవాడితో మిట్టమధ్యాహ్నం బరువులెత్తించడం మాత్రం న్యాయం కాదు. ఇఫ్తార్ తర్వాతకు మార్చితే అదే పని హాయిగా చేస్తాడు.

అపోహ: కోచ్ మారనక్కర్లేదు, ఆటగాళ్లే అలవాటు పడాలి.

నాసిక్‌కు చెందిన శైలజా జైన్ ఇరాన్ మహిళల జట్టుకు కోచ్‌గా వెళ్లి ఫార్సీ నేర్చుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో ఆ జట్టు 27-24తో మన భారత్‌నే ఓడించి స్వర్ణం గెలిచింది. నా దగ్గరికి రాయదుర్గం వైపు నుంచి ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లలు వస్తారు. వాళ్ల దగ్గర రోజుకో మాట నేర్చుకుంటున్నాను.