హెల్మెట్ ఉందిగా, తలకేమవుతుంది? ఫుట్‌బాల్ దెబ్బల మీద అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం మా మ్యాచ్ అయ్యాక రాత్రి పదకొండింటికి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి హైస్కూల్ జట్టులో ఆడతాడు. "నిన్న మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలింది అన్నయ్యా. స్కాన్ తీయించాం, నార్మలే అన్నారు. స్పృహ కూడా తప్పలేదు. వచ్చే శుక్రవారం ఆడొచ్చు కదా?" అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను అమెరికాలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి అథ్లెటిక్ ట్రైనర్‌ని. ఫుట్‌బాల్ అంటే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. జిమ్‌లో బరువులు ఎత్తించే ట్రైనర్ వేరు, మాది గాయాల పని. ఆగస్టు చివర మొదలై నవంబర్ చివరిదాకా 12 మ్యాచ్‌లు, అన్నిటికీ సైడ్‌లైన్ దగ్గరే ఉంటాను. ఆవిడ అడిగిన ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ వింటాను.

అపోహ: స్పృహ తప్పలేదు, స్కాన్ బాగుంది, కాబట్టి కంకషన్ (తల అదిరి మెదడు పని తాత్కాలికంగా దెబ్బతినడం) కాదు.

పిల్లలకి ఎక్కువ నష్టం చేసేది ఇదే. సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం ఉందా, ఎముక విరిగిందా అని. కంకషన్‌లో దెబ్బతినేది మెదడు పనిచేసే తీరు, అది ఆ ఫిల్మ్‌లో కనపడదు. కంకషన్ అయిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి స్పృహ తప్పదు. ఇక హెల్మెట్ కాపాడేది పుర్రెని. కురిడీ కాయని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల కొబ్బరి గలగలలాడుతుంది కదా, పైన పీచు ఎంత మందంగా ఉన్నా ఆ కదలిక ఆగదు. పుర్రె లోపల మెదడు పరిస్థితీ అంతే.

కొన్నేళ్ల క్రితం అక్టోబర్‌లో మా లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) ఒకడు ఎదుటివాణ్ణి ట్యాకిల్ చేసి, అంటే పట్టి పడేసి, వెంటనే లేచి నిలబడ్డాడు. స్టాండ్స్‌లో చప్పట్లు. తర్వాతి ప్లేకి మాత్రం తను ఉండాల్సిన వైపు కాకుండా రెండో వైపు వెళ్లి నిలుచున్నాడు. బయటికి పిలిచి "ఎన్నో క్వార్టర్?" అని (మ్యాచ్‌లో నాలుగు భాగాలుంటాయి) అడిగితే టక్కున "మూడు" అన్నాడు. సరైన జవాబే. కానీ చెప్పే ముందు వాడి చూపు నా భుజం మీదుగా స్కోర్‌బోర్డ్ వైపు వెళ్లింది. వాణ్ణి అటు వీపు పెట్టించి, పోయినవారం ఎవరితో ఆడామని అడిగాను. చాలాసేపు ఆలోచించి రెండు వారాల కిందటి జట్టు పేరు చెప్పాడు. హెల్మెట్ తీసుకుని నా చంకలో పెట్టుకున్నాను. ఆట అయిపోయేదాకా ఇవ్వలేదు. హెల్మెట్ చేతిలో ఉంటే ఎవరూ చూడనప్పుడు మైదానంలోకి పరిగెత్తేవాళ్లుంటారు. కుర్రాళ్ల తప్పు కాదది, జట్టు మీద ప్రేమ అలాంటిది.

దాచుకుని ఆడితే ఏమవుతుంది? 12 నుంచి 19 ఏళ్ల ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. దెబ్బ తగలగానే బయటికొచ్చినవాళ్లు సగటున 22 రోజుల్లో కోలుకున్నారు. ఆట కొనసాగించినవాళ్లకి 44 రోజులు పట్టింది. అంటే ఆ ఒక్క మ్యాచ్ కోసం సగం సీజన్ పోయినట్టే.

అనుమానం వస్తే చాలు, బయటికి రావాల్సిందే. కంకషన్ అని తేలితే కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నిబంధన ప్రకారం ఆ రోజు మళ్లీ ఆడనివ్వరు. ఎంత పెద్ద స్టార్ అయినా సరే. తర్వాత మెట్టు మెట్టుగా పోవాలి: మామూలు నడక, సైకిల్, పరుగు, దెబ్బల్లేని ప్రాక్టీస్, డాక్టర్ ఒప్పుకున్నాక పూర్తి ప్రాక్టీస్, ఆ తర్వాతే మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. పై మెట్టులో తలనొప్పి పెరిగితే కిందికి దిగాలి.

అలబామా యూనివర్సిటీకి ఆడి పేరు తెచ్చుకున్న టువా టాగోవైలోవా సంగతి చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2022 సెప్టెంబర్ 25న ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లో తల నేలకి కొట్టుకుని తూలిపోయాడు. వెన్నునొప్పి వల్లేనని చెప్పి మళ్లీ ఆడించారు. నాలుగు రోజులకి ఇంకో మ్యాచ్‌లో స్ట్రెచర్ మీద వెళ్లాడు. ఆ అక్టోబర్‌లో లీగ్ నిబంధన మార్చింది. ఇప్పుడు అలా తూలితే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే.

మిగతావి క్లుప్తంగా చెప్తాను.

నిద్రపోనివ్వకూడదు అంటారు. డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక పడుకోనివ్వండి, నిద్ర మంచిదే.

వారం రోజులు చీకటి గదిలో ఉంచాలి అంటారు. అది పాత పద్ధతి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోనూ టీవీ తగ్గించడం, ఆ తర్వాత మెల్లగా నడిపించడం.

వడదెబ్బ తగిలినవాణ్ణి ఐస్ నీళ్లలో ముంచితే ఒళ్లు షాక్‌కి గురవుతుంది అంటారు. ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ ప్రాణాలు తీస్తుంది. ముందు ఐస్ నీళ్ల టబ్‌లో చల్లబరచాలి, తర్వాతే అంబులెన్స్ కదలాలి. 2018లో మేరీలాండ్ యూనివర్సిటీ ఆటగాడు, 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నేర్‌కి అలా చల్లబరచలేదు. రెండు వారాలకి చనిపోయాడు.

ఆగకుండా వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, ఒక కంటిపాప పెద్దదవడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది కనపడినా ఎవరికీ ఫోన్ చేసి సలహా అడగొద్దు. నేరుగా ఎమర్జెన్సీ నంబర్ 911కి చేయండి.

ఫ్రిస్కో ఆవిడని ఇవన్నీ ఒక్కొక్కటే అడిగాను. ఏవీ లేవన్నారు. "ఒకసారి బాబుకివ్వండమ్మా" అన్నాను. వాడు ఫోన్ తీసుకుని ఇంకో గదిలోకి వెళ్లినట్టున్నాడు, తలుపు వేసిన చప్పుడైంది. "అంకుల్, నిన్న బస్సులో వచ్చేటప్పుడు ఎదురు కార్ల లైట్లు చూస్తే కడుపులో తిప్పింది. ఇప్పటికీ చదువుతుంటే అక్షరాలు మసకగా ఉన్నాయి. అమ్మకి చెప్పలేదు" అన్నాడు.

ఇప్పుడే వెళ్లి చెప్పమన్నాను. వాడు చెప్పేదాకా లైన్లోనే ఉన్నాను.