ఆకు మీది పురుగులన్నీ ఆకు తింటాయా? అపోహలు - వాస్తవాలు

ఆకు తినే పురుగుల శాంపిళ్లు తీయడం నా పని. సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ) వరి చేలూ, కోనసీమ కొబ్బరి తోటలూ, కోరంగి మడ అడవీ నేను తిరిగే చోట్లు. మేం వాడే పద్ధతులు చాలామటుకు పనామా, పాపువా న్యూగినీ లాంటి దేశాల పల్లపు వర్షారణ్యాల్లో రాటుదేలినవి. అలాంటి అడవి మన గోదావరి డెల్టాలో లేదు గానీ పురుగుల మీద అపోహలకు మాత్రం కొదవ లేదు.

అపోహ: ఆకు మీద దొరికిందంటే ఆ ఆకు తినేదే

అన్నిటికంటే మొండిది ఇదే. చదువుకున్నవాళ్లూ వదలరు. కొమ్మ కింద మీటరు చదరం తెల్లగుడ్డ పట్టి, కర్రతో నాలుగు దెబ్బలు వేసి చూడండి. రాలిన వాటిలో సాలీళ్లుంటాయి, చీమలుంటాయి, ఆకు మీది బూజు నాకేవి ఉంటాయి, ఎండకు తాళలేక నీడకు చేరినవి ఉంటాయి. పక్క చెట్టు నుంచి చుట్టపుచూపుగా వచ్చి వాలినవీ తక్కువేం కాదు. వీటిలో ఆ ఆకు తినేవేవో తేలాలంటే పెట్టి చూడాల్సిందే.

మూతకు సన్న చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడి కాగితం, అదే చెట్టు తాజా ఆకు, పురుగు ఒక్కటంటే ఒక్కటి. మర్నాటికి ఆకు అంచున కొత్త గాటు పడాలి. అడుగున రెట్ట గుళికలు చూసి సంబరపడొద్దు, అవి నిన్న ఇంకెక్కడో తిన్న తిండివి కావచ్చు. గాటు పడినా పని అయిపోదు. ఆకలికి ఏ పురుగైనా ఒక కొరుకు కొరికి చూస్తుంది. గొంగళైతే ఆ ఆకు మీదే కుబుసం విడిచి పెరిగితేనే రిజిస్టర్లో 'తింటుంది' అని రాస్తాం.

ఇంత చాదస్తం ఎందుకో చెప్తాను. అమెరికన్ శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామాలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల గుబుర్లలోకి మందు పొగ కొట్టించి, రాలిన పెంకు పురుగుల్ని లెక్కపెట్టారు. ఒక్కో చెట్టు జాతిని మాత్రమే నమ్ముకున్న పురుగులు ఇన్ని ఉంటాయని అంచనా వేసుకుని, ఉష్ణమండలంలో కీటకాలూ వాటి బంధువులూ కలిపి 3 కోట్ల జాతులుండొచ్చని 1982లో రాశారు. గొప్ప ఆలోచనే. కానీ రాలిన పురుగు ఏం తిని బతుకుతోందో పొగ చెప్పదు. పాపువా న్యూగినీలో చెక్ శాస్త్రవేత్త వొయ్‌తెక్ నోవోత్నీ బృందం ఊళ్లవాళ్లకే శిక్షణ ఇచ్చి, 51 రకాల మొక్కల మీద 900 జాతుల పురుగులు ఏవేవి తింటున్నాయో చూసింది. చాలా పురుగులు ఒక్క మొక్కకే కట్టుబడి లేవు, దానికి దగ్గరి చుట్టాలైన మొక్కలనూ తింటున్నాయి. ఆ లెక్కన ప్రపంచంలోని కీటకాలూ వాటి బంధువుల జాతుల అంచనా 40 నుంచి 60 లక్షలకు దిగిందని 2002లో ప్రకటించారు.

అపోహ: ఆకుకు చిల్లుంటే పురుగు తిన్నట్టే, పురుగు అక్కడే ఉన్నట్టే

కడియం నర్సరీల్లో గులాబీ ఆకుల అంచులు కత్తెర పెట్టి కోసినట్టు గుండ్రంగా పోయి కనిపిస్తాయి. అది ఒంటరిగా బతికే ఒక రకం తేనెటీగ పని. కోసిన ముక్కను తినదు, తీసుకెళ్లి పిల్లల గదులకు గోడలుగా చుట్టుకుంటుంది. పురుగు కొరికిన అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఈ కోత నున్నగా ఉంటుంది. దీనికి మందు కొట్టడం దండగ.

కొబ్బరి మట్ట మీద త్రికోణపు కోతలు చూసి "ఆకు తినే పురుగు పడిందండీ" అని ఫోన్ చేస్తారు. అది కొమ్ము పురుగు. ఆకు మొవ్వులో ముడుచుకుని ఉండగానే తొలిచి, రసం పీల్చి, పిప్పి బయటికి తోసేసి వెళ్లిపోయింది. ఆకు విచ్చుకున్నాక ఆ ఒక్క తొలుపే రెండు పక్కలా వరస కోతలై కనిపిస్తుంది. మట్ట మీద వెతికితే ఏం దొరుకుతుంది?

వరిలో ఆకుముడతదీ ఇదే తంతు. ముడిచిన ఆకుల్ని లెక్కపెట్టి అన్ని పురుగులున్నాయంటారు. ఒక్క పురుగే పచ్చదనం గోకి తినేసి, తెల్ల చార మిగిల్చి, కొత్త ఆకుకు మారి మళ్లీ ముడుస్తుంది. అందుకే ముడత విప్పి చూడమంటాను. చాలా వాటిలో పొడి రెట్ట తప్ప ఏమీ ఉండదు, కొన్నింట్లో సాలీడు కాపురం పెట్టి ఉంటుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1990ల్లో రైతులకు గట్టిగా చెప్పిన మాట: తొలి 40 రోజులు ఆకు తినే పురుగులకు మందు జోలికి పోవద్దని. ఆ వయసు వరి కొత్త ఆకులు, పిలకలు వేసి కోలుకుంటుంది.

అపోహ: దీపపు ఎర పెడితే లెక్క తేలిపోతుంది

ఎగిరేవాటి లెక్క కొంత తేలుతుంది, అదీ వెన్నెల రాత్రుల్లో తగ్గిపోతుంది. ఆకు తినేది గొంగళి, దీపానికి వచ్చేది రెక్కల పురుగు. అది ఏ చెట్టు ఆకు తిని పెరిగిందో దీపం దగ్గర ఎవరికి తెలుసు?

అపోహ: పురుగు లేని ఆకును రాసుకోవడం ఎందుకు?

"ఆయ్, పురుగే లేదు కదండీ, ఏం రాసుకుంటున్నారు?" అని రైతులు నవ్వుతారు. నిజానికి ఎక్కువ రాసేది సున్నాలే. వర్షారణ్యమంటే అడుగడుక్కీ పురుగులనుకుంటారు గానీ, అక్కడ జాతులు ఎక్కువ, ఒక్కో జాతి మాత్రం అరుదు. ఆకు విస్తీర్ణంలో పురుగులకు పోయేది సుమారు పదోవంతు. అందులోనూ ఎక్కువ భాగం లేత దశలోనే, ముదిరిన ఆకు గట్టిపడి కొరుకుడు పడదు. ఎన్ని ఆకులు వెతికితే ఇన్ని దొరికాయో రాయని లెక్క లెక్కే కాదు. మన దగ్గర గట్టు వారన, చెట్టు నీడన ఆకుముడత ఎక్కువ. అక్కడి నాలుగు దుబ్బులు చూసి చేనంతటికీ మందు కొట్టేవాళ్లు సున్నాలు రాయనివాళ్లే.

అపోహ: పెంచితే రెక్కల పురుగు రాలేదంటే శాంపిల్ పాడైనట్టే

కొబ్బరి ఆకు అడుగున పట్టుదారం, రెట్ట కలిపి గూడు కట్టుకునే నల్లతల గొంగళిని తెచ్చి పెంచితే, ఒక్కోసారి వచ్చేది సన్నటి కందిరీగ. అంటే తోటలో బదనికలు, అంటే గొంగళిని తిని పెరిగి దాన్ని చంపే పురుగులు, పని చేస్తున్నాయన్న మాట. అంబాజీపేట పరిశోధన కేంద్రం పెంచి తోటల్లోకి వదిలేదీ ఇలాంటి వాటినే. ఏ గొంగళి నుంచి ఏది వచ్చిందో తప్పక రాయాలి.

అపోహ: మడ అడవిలో ఎప్పుడైనా దులపొచ్చు

ముందు అటవీశాఖ అనుమతి కావాలి, తర్వాత పోటు వేళ చూసుకోవాలి. నీరు తీసినప్పుడు మోకాలి లోతు బురద, పోటులో పడవ మీంచి కొమ్మ అందుతుంది గానీ గుడ్డ నిలవదు. తిల్ల చెట్టును కళ్లద్దాలు లేకుండా కొట్టొద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

దొరికిన గొంగళిని నేరుగా స్పిరిట్లో వేస్తే నల్లబడిపోతుంది. ముందు కాసేపు వేడినీళ్లలో ముంచి తీయాలి. చీటీ పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల వేయాలి, బాల్‌పెన్ సిరా స్పిరిట్లో కరిగిపోతుంది. ఊరు, తేదీ, చెట్టు పేరు, తిన్నదో లేదో. చెట్టు పేరు తెలియకపోతే ఒక రెమ్మ కోసి, పాత పేపర్ల మధ్య నొక్కి, దాని మీదా అదే నంబరు వేయండి.